పాడువెట్టిన ఇంటి అడ్రసు

సిరిసిల్ల బజార్లల్ల నడుములోతు నీళ్లు పారిన యేడు మేం ఇల్లు పాడువెట్టినం. యేండ్ల లెక్క నాకు రాదు. మూడో తరగతి దాక పోయిన, తర్వాత మగ్గం గుంతల కాళ్లు పెట్టిన. నీళ్లు వచ్చిన యేడు అంటె మాత్రం మా దిక్కు ఎవ్వలకైన ఎరుకే.

మాది కోరుట్ల. ఆ శ్రావణంల నా భార్య లసుమవ్వ పోయింది. పొద్దుగాల చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకు ఒరిగింది. ఒరిగింది ఒరిగినట్టే. అయ్యగారు పంచాంగం తిప్పిండు, వేళ్లు ఎంచిండు.

"చుక్క మంచిది కాదు రాజం. మూడు నెలలు ఇల్లు పాడువెట్టాలె" అన్నడు.

పాడువెట్టుడు అంటె కూలగొట్టుడు కాదు. తాళం వేసి, గడప ముందట ముండ్లకంప అడ్డం పెట్టి, అందరు ఎల్లిపోవాలె. లోపట దీపం పెట్టద్దు, పొయ్యి ముట్టియ్యద్దు, ఊడ్వద్దు. మంచిది కాని చుక్కల పోయినోల్ల ఎనుక అదే ఇంట్లకెల్లి ఇంకొకరు పోతరని మా పెద్దల భయం. సావు ఇల్లు గుర్తుపట్టి మల్ల వస్తదట. వచ్చి చూస్తే మనుషులు ఉండద్దు. అప్పుడు మర్లిపోతది. మా అవ్వ ఇంకొక ముచ్చట కూడ చెప్పేది. గా మూడు నెలలు ఎవ్వరు వచ్చి "ఇంట్ల ఎవరున్నరు" అని అడిగినా "ఎవ్వరు లేరు" అనాలె. అడిగేది మనిషో, ఇంకేందో మనకు ఎరుక ఉండదు.

ఇంట్ల ఇగ మిగిలింది ముగ్గురం. నేను, నా కొడుకు నరేశ్, కోడలు నీలంతి.

నీలంతిది లంక. నరేశ్ కువైట్‌ల ఒక షేకు ఇంట్ల డ్రైవర్‌గ చేసినప్పుడు ఆమె అదే ఇంట్ల వంట చేసేది. ఇద్దరు పెండ్లి చేసుకొని కోరుట్లకు వచ్చిండ్రు. వచ్చిన నాడు ఎదురింటి రుక్కమ్మ కొంగు మూతికి అడ్డం పెట్టుకొని, "రావణాసురుని దేశంకెల్లి సీతమ్మను తెచ్చిండు గదనే మీ నరేశ్" అన్నది. లసుమవ్వ ఊకుంటదా. "తెస్తే తెచ్చిండు. మీ కోడండ్లు ఏడికెల్లి వచ్చిండ్రే, అయోధ్యకెల్లా?" అన్నది. రుక్కమ్మ నోరు మూతవడ్డది. ఆ మాపే లసుమవ్వ నీలంతి ఒళ్లె బీడీల చాట పెట్టింది. ఆకు కత్తిరిచ్చుడు, తంబాకు పోసి చుట్టుడు, మాట్లాడుడు, అన్ని ఆ చాట మీదనే నేర్పింది.

నీలంతికి ఒకటే తండ్లాట. ఈ దేశపు మనిషిని అనే కాయితం కావాలె. యేటేట వీసా పొడిగించుకునుడు, ఆఫీసుల ముందట నిలవడుడు, ఏ యేడు వద్దంటరో అని భయం. కాయితం కావాలంటె ఏడేండ్లు ఇక్కడ ఉండాలె. అండ్ల ఆఖరి పన్నెండు నెలలు ఒక్క దినం కూడ తెగకుండ ఉండాలె. ఆమె నెలలు ఎంచుకుంట ఉండేది. తొమ్మిదో నెలల లంకల ఆమె తల్లి పోయింది. పోతే లెక్క తెగుతదని పోలే. నరేశ్ ఫోన్ గోడకు ఆనిచ్చి పెడితే, సముద్రం ఒడ్డున ఏదో ఊర్ల జరిగేదంత అండ్ల చూసింది. అయిపోయినంక ఫోన్ బోర్ల పెట్టి, చాట ఒళ్లెకు తీసుకున్నది. లసుమవ్వ ఆమె ఈపు మీద చెయ్యి పెట్టి పొద్దుగూకె దాక కూసున్నది.

పన్నెండు నెలలు నిండినయి. ఎండకాలంల జగిత్యాలల దరఖాస్తు ఇచ్చిండ్రు. ఇగ ఇంటికి ఒక మనిషి వచ్చి చూసిపోతడు, చుట్టుపక్కల అడుగుతడు అన్నరు. గంతల్నే లసుమవ్వ పోయింది.

పదకొండో దినం అయినంక నీలంతి నా ముందట కూసున్నది.

"మామా, మనం పోతే, నా కాయితం చూసేటందుకు వచ్చినాయనకు తాళం కనవడుతది గదా?"

"మూడు నెలలే కద" అన్న.

ఆమె నరేశ్ దిక్కు చూసింది. నరేశ్ నేల చూసిండు. నేను ఒక మాట అంటె మా ఇంట్ల గదే ఆఖరు మాట. తక్కువ మాట్లాడెటోనికి అదొక సులువు. మూడు నెలలు పాడువెట్టకుంటె పోయేది ఎవరో నాకు ఎరుకనా? నేనైతే సరే. నా ఇంట్ల నాకంటె చిన్నోల్లు ఇద్దరున్నరు.

ఇల్లు పాడువెట్టినోల్లకు అదే ఊర్ల ఎవ్వరు కిరాయికి ఇయ్యరు. పీడ ఎంబడి వస్తదని. నాలుగిండ్లు అడిగినం, నాలుగిండ్లల్ల చుట్టాలు వస్తున్నరు అన్నరు. సిరిసిల్లల నా చెల్లె మొగడు విఠల్‌కు సాంచెల షెడ్డు ఉన్నది. ఎనిమిది కరెంటు మగ్గాలు, వాటి ఎనుక ఒక రేకుల అర్ర. "రా బావా, మా సాంచెల సప్పుడుకు దయ్యాలు కూడ ఉండయి" అన్నడు. పోయినం.

పోయిన నాలుగో దినం నీళ్లు వచ్చినయి. చెరువు నిండి, నాలా పొంగి, బజార్ల కెల్లి వాగు తీరు పారినయి. షెడ్డుల మోకాలు దాటినయి, నడుము దాక వచ్చినయి. విఠల్ మోటర్లు ఇప్పుకుంట ఒర్రుతున్నడు. నేను లసుమవ్వ ఫోటోను దాని తాడుతోని మెడల ఏసుకున్న. నీలంతి బియ్యం డబ్బ కూడ ఇడిసిపెట్టి, ప్లాస్టిక్ కవరు ఒకటి నెత్తిన పెట్టుకొని, రెండు చేతులతోని పట్టుకొని నిలవడ్డది.

"ఏందే బిడ్డా అండ్ల, బంగారమా?" అని విఠల్ అడిగిండు.

"పాస్‌పోర్టు చిన్నాయినా. నేను ఏడున్ననో రాసిన కాయితాలు."

"ఏడున్నవో నాకు కనవడుతనే ఉన్నది గద బిడ్డా, నీళ్లల్ల ఉన్నవ్."

గంత నీళ్లల్ల కూడ నీలంతి నవ్వింది. నాకు గప్పుడు ఒక ముచ్చట అర్థం కాలే. మనిషి కండ్ల ముందట ఉన్నా ఉన్నట్టు కాదు, కాయితంల ఉండాలె. ఆ కాయితం ఏమో కోరుట్లల ఉన్నది అంటున్నది. ఎవరిని అడుగాలె గిది? అడుగుడు నాకు అలవాటు లేదు. మనసుల పెట్టుకున్న.

నీళ్లు పోయినయి. బురద ఎత్తిపోసి సాంచెలు మల్ల నడిపిచ్చినం. నెలకు ఒకసారి పింఛనుకు నేను కోరుట్లకు పోయేటోన్ని. వేములవాడ, చందుర్తి, కథలాపూర్ మీదికెల్లి బస్సు. మునుపు ఇదంత ఒకటే కరీంనగర్ జిల్లా. ఇప్పుడు సిరిసిల్ల ఒకటి, జగిత్యాల ఒకటి. చందుర్తి దాటినంక జిల్లా ఏడ మారుతదో చూద్దామని కిటికీల తల పెట్టి కూసుండేటోన్ని. అదే పత్తి చేను, అదే మక్క చేను. ఎన్నిసార్లు చూసినా నాకు దొరుకలే.

బతుకమ్మ అయిపోయినంక ఒకసారి గట్లనే పోయిన. పింఛను తీసుకొని, మా ఇంటి ఎదురుంగ రుక్కమ్మ అరుగు మీద కూసున్న. మా గడప తొక్కద్దు గని చూడద్దని ఎవ్వరు చెప్పలే. ముండ్లకంప ఎండి ఎర్రగైంది. తాళం మీద సాలెపురుగు గూడు కట్టింది. రుక్కమ్మ లోపటికి మంచినీళ్లకు పోయింది.

ఒక మనిషి మోటరు సైకిల్ మీద వచ్చి మా ఇంటి ముందట ఆపిండు. చేతుల కాయితాల కట్ట. తాళం చూసిండు, ముండ్లు చూసిండు, గోడ మీది నంబరు చూసిండు. తర్వాత నన్ను చూసిండు.

"తాతా, గీ ఇంట్ల ఎవరున్నరు?"

మా అవ్వ మాట నాలిక మీదనే ఉన్నది.

"ఎవ్వరు లేరు."

"నీలంతి అని ఒకామె ఉంటదట గద?"

పేరు పెట్టి అడిగిండు. పాడువెట్టిన ఇంటి ముందట నిలవడి, ఎన్నడు చూడని మనిషి, నా కోడలును పేరు పెట్టి అడుగుతున్నడు. ముగ్గురిల ఆమెనే.

"లేదు" అన్న గట్టిగ. "గా పేరుటోల్లు ఇక్కడ లేరు."

"ఎన్నడు లేకుండెనా?"

"లేరు."

"ఎన్ని దినాల నుంచి తాళం ఉన్నది?"

"మస్తు దినాలాయె."

కాయితం మీద ఏదో రాసుకున్నడు. బండి తిప్పిండు. బండి మూల మలుగుతుంటె గప్పుడు నాకు తట్టింది. సావు మోటరు సైకిల్ మీద వస్తదా? కాయితాలు పట్టుకొని వస్తదా? లేసి నిలవడ్డ. అరుగు దిగేసరికి బండి కనవడలే. రుక్కమ్మ చెంబు తెచ్చి, "అన్నా, ఎవరు అచ్చింది?" అన్నది. "ఎవ్వరు లేరు" అన్న. ఆమెకు కూడ అదే మాట చెప్పిన.

సిరిసిల్లకు పోయి నరేశ్‌కు చెప్పలే, నీలంతికి చెప్పలే. రోజు పొద్దుగాల చెప్దామనుకునుడు, సాంచె సప్పుడుల ఎవ్వలకు ఇనవడదని ఊకునుడు.

ఇరువై దినాలకు నరేశ్‌కు ఫోన్ వచ్చింది. మాట్లాడి, గోడకు కూలవడ్డడు.

"ఏమాయె?" అని నీలంతి అడిగింది.

"ఎంక్వయిరీకి పోతే నువ్వు ఆ ఇంట్ల ఉంటలేవని రాసుకున్నరట. ఎన్నడు లేదని చెప్పిండ్రట. ఉన్నట్టు చూపియ్యకుంటె ఫైలు మూస్తరు. బుధవారం జగిత్యాలకు రమ్మన్నరు."

"ఎన్నడు లేదని ఎవరు చెప్పిండ్రు?"

"ఎదురింటి అరుగు మీద ఎవరో ముసలాయన అట."

నీలంతి చాటల బీడీ సగం చుట్టింది చుట్టినట్టే ఇడిసిపెట్టింది. "ఏడేండ్లు ఆ వాడకట్టుల ఉన్న. నాకు గంత కానోడు ఎవరున్నడు మామా?" అని నన్నడిగింది.

నేను సాంచెల నూలు కండె మార్చేటందుకు లేసిన. కండె నిండుగనే ఉన్నది.

బుధవారం ముగ్గురం జగిత్యాలకు పోయినం. గప్పుడు అందరు మూతులకు బట్టలు కట్టుకునే దినాలు. ఆఫీసుల ఆ సారు బల్ల ఎనుక కూసున్నడు. మనోహర్ అని పేరు రాసి ఉన్నది. అక్షరం అక్షరం కూడబలుక్కొని చదివిన. సారు నన్ను చూసిండు గని గుర్తుపట్టలే. మాస్కుల ముసలోల్లందరు ఒకటే తీరు ఉంటరు.

"మీరు తెలుగు మాట్లాడగలరా?" అని నీలంతిని అడిగిండు.

"మాట్లాడుత సారూ. మీ తెలుగు కాదు, మా అత్త తెలుగు" అన్నది.

సారు నవ్విండు. కాయితం తిప్పినంక నవ్వు పోయింది. "అమ్మా, మీరు దేశంల ఉన్నరని పాస్‌పోర్టు చెప్తున్నది. దాని గురించి పేచీ లేదు. గని దరఖాస్తుల రాసిన అడ్రసుల మీరు లేరు. ఇల్లు మారితే చెప్పాలె, మీరు చెప్పలే. నేను సొంతంగ పోయిన. తాళం. పొయ్యి ఎలిగిన జాడ లేదు. ఎదురుంగ ఒక పెద్దమనిషి మీ పేరే ఇనలేదన్నట్టు చెప్పిండు. ఆయన నాకు అబద్ధం చెప్పవలసిన పనేమున్నది?"

నరేశ్ పాడువెట్టుడు గురించి చెప్పవోయిండు. తడవడుతున్నడు. "మా అవ్వ పోయింది సారూ... అందుకని..."

"అది సరే. ఎవ్వరు పోయినా, ఎదురింటాయన ఎన్నడు లేదనడు గద?"

నేను మాస్కు కిందికి గుంజిన.

"ఆయనను నేనే" అన్న.

సారు చూసిండు. నరేశ్ చూసిండు. నీలంతి చూడలే. ఆమె కవరు ముడి ఇప్పుతున్నది, ఆగింది.

"నువ్వెవరు తాతా?"

"ఇంటోన్ని. ఈమె మామను."

"నీ ఇల్లే, నీ కోడలే. మరి లేదని ఎందుకన్నవ్?"

నా జన్మల గన్ని మాటలు ఒక్కసారి మాట్లాడలే. చుక్క సంగతి, ముండ్ల సంగతి, మా అవ్వ మాట, అన్ని చెప్పిన. "పేరు పెట్టి అడిగినవ్ సారూ. ముగ్గురిల ఆమె పేరే పెట్టినవ్. ఉన్నదంటె తీసుకపోతవనుకున్న."

సారు కలం కింద పెట్టిండు.

"నన్ను చూసి యముడనుకున్నవా?"

"ఔ."

"దున్నపోతుకు, మోటరు సైకిలుకు ఫరక్ తెల్వదా తాతా?"

"బండి మలిగినంక తెలిసింది."

సారు మొఖం తుడుచుకున్నడు. "మా నాయనమ్మ పోయినప్పుడు మా ఇల్లు కూడ ఆర్నెల్లు పాడువెట్టినం" అన్నడు. "అదంత నాకు ఎరుకనే. గని గీ ఫారంల దాన్ని రాసే జాగ లేదు. నేను కంటితోని చూసింది రాయాలె." క్యాలెండర్ చూసిండు. "శుక్రవారం మల్ల కోరుట్ల దిక్కు వస్త. కాపురం కనవడితే కాపురం అని రాస్త. తాళం కనవడితే తాళం. పొయ్యి ఎలగాలె తాతా. గంతే."

బయటికి వచ్చి ఎంచుకున్నం. మూడు నెలలకు ఇంక పందొమ్మిది దినాలు తక్కువున్నయి.

జగిత్యాల బస్టాండుల నరేశ్ సిరిసిల్ల బస్సు చూడవోయిండు. నీలంతి నా పక్కపొంటి కూసున్నది.

"నువ్వేనా మామా?"

"ఊ."

"మరి ఇంట్ల ఎందుకు చెప్పలే?"

"చెప్పరాలే."

ఆమె కవరును ఒళ్లె పెట్టుకొని సదురుకున్నది. "మా అమ్మ కూడ అడిగేటోల్లకు నేను లేనని చెప్పేది" అన్నది. "కువైట్‌కు తోలేటోల్లు ఇంటికి వచ్చినప్పుడు. మంచం కింద దాచేది."

నేను మాస్కు తీసి జేబుల పెట్టుకున్న.

"తాళం తియ్యద్దు మామా. పందొమ్మిది దినాలు ఉన్నయి. నీకేమన్న అయితే, నరేశ్‌కు అయితే, నేను ఆ కాయితం పట్టుకొని ఏం చేసుకోవాలె? మల్ల దరఖాస్తు పెడుత. మల్ల ఒకటి నుంచి ఎంచుకుంట."

"మల్ల ఎన్ని దినాలు వడుతది?"

ఆమె కవరు ముడి బిగిచ్చింది. నేను అడిగిన మొదటి ముచ్చట అది, దానికే జవాబు రాలే. వీసా పొడిగిస్తరో లేదో కూడ ఆమెకు ఎరుక లేదు. ఆమె తల్లి పోయినప్పుడు ఆమె కదలలే. నా ఆడది పోయినప్పుడు నేను అందరిని కదిలిచ్చిన. బస్సుల సిరిసిల్ల దాక అదే ఆలోచన చేసిన. ఇంట్ల ఉన్నది ఎవరు మరి?

తెల్లారి, సారు వచ్చేదానికి ఒక దినం ముందు, మొదటి బస్సుకు నేను ఒక్కన్నే కోరుట్లకు పోయిన. తాళంచెవి లసుమవ్వ ఫోటో మేకుకు ఉండె. తీసేటప్పుడు నరేశ్ పండుకొనే ఉన్నడు. నీలంతి మేల్కొనే ఉన్నది. చూసింది. నేను గుమ్మం దాటినంక, "చాయ్‌పత్తి సజ్జ మీద ఎర్ర డబ్బల ఉంటది మామా" అన్నది.

ముండ్లకంప కర్రతోని జరిపిన. రెండు ముండ్లు చేతికి గుచ్చుకున్నయి. తాళం జంగు పట్టి రాలే, చెప్పుతోని రెండు దెబ్బలు కొడితే వచ్చింది. వాల్లిద్దరు రాకముందే నేనే ముందు లోపటికి పోయిన. ఏదన్న గడపల కూసుంటె మొదలు నన్నే చూడాలె అని. లోపట మక్కిన వాసన. గోడకు లసుమవ్వ ఒరిగిన కాడ నూనె మరక గట్లనే ఉన్నది. దాని కింద గ్లాసు. ఎవ్వలం తియ్యలే దాన్ని. తీసి కడిగిన. చీపురు పట్టి అర్ర ఊడ్చిన, వాకిలి ఊడ్చిన. మగోడు వాకిలి ఊడ్సుడు మా వాడకట్టుల ఎవ్వరు చూడలే ఇప్పటిదాక.

నీళ్లు కాగబెట్టే కట్టెల పొయ్యి గడప లోపటి వాకిట్ల ఉంటది. నాలుగు కట్టెలు పెట్టిన. బొగోణెల ముగ్గురికి సరిపోను నీళ్లు పోసిన. అగ్గిపెట్టె మెత్తవడ్డది, గీస్తె మందు రాలుతున్నది.

రుక్కమ్మ తలుపు చప్పుడైంది. మా వాకిలి చూసి అరుగు మీదనే ఆగిపోయింది. లోపటికి తొంగి చూస్తున్నది గని దిగుతలేదు.

"ఓ, ఎవరుల్లా లోపట? ఇంక దినాలున్నయి గద! ఎవరున్నరు ఇంట్ల?"

పొయ్యి ముందటికెల్లి లేసి, గడపలకు వచ్చి నిలవడ్డ.

"నేను, నరేశ్, నీలంతి" అన్న. "ముగ్గురం ఉన్నం."

రుక్కమ్మ రెండు చేతులు చెంపలకు పెట్టుకున్నది.

"రుక్కమ్మా, అగ్గిపెట్టె ఉంటె ఇయ్యి."

ఆమె లోపటికి పోయి తెచ్చింది. మా వాకిలి దాక వచ్చి, ముండ్లకంప ఉండిన జాగ కాడ ఆగి, అవుతలకెల్లే ఇసిరింది. పట్టుకున్న. రెండు పుల్లలు గాలికి ఆరిపోయినయి. మూడోదానికి కట్టె అంటుకున్నది.